సున్నపు గీత దగ్గరి మనిషి

బండ ఆగిందా, ఇంకా కదులుతోందా? సంక్రాంతికి సింగోటం జాతరలో ఎడ్ల పందెం సాగుతుంటే మైదానం చుట్టూ చేరిన జనం ఈలలు వేస్తారు, కేకలు పెడతారు, తువ్వాళ్లు తిప్పుతారు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది మాత్రం గీత పక్కన వంగి నిలబడ్డ ఒక్క మనిషే. అతను ఎడ్లను చూడడు, వాటిని తోలేవాళ్లనూ చూడడు. బండ అంచుకూ నేలమీద పోసిన సున్నపు గీతకూ మధ్యనున్న జానెడు చోటు మీదే అతని చూపంతా.

గద్వాల కోట గురించి రాశారు, వనపర్తి రాజుల గురించి రాశారు, జటప్రోలు సురభి వారి గురించీ రాశారు. గెలుపెవరిదో తేల్చే మనిషి గురించి రాసినవాళ్లు తక్కువ. 2016 అక్టోబర్ 11న పాలమూరు నుంచి వేరుపడి మూడు జిల్లాలైన ఈ సీమలో పందెం లేని పండుగ అరుదు. మార్గశిరంలో మల్దకల్ తిమ్మప్ప జాతర, సంక్రాంతికి కొల్లాపూర్ దగ్గర సింగోటం లక్ష్మీనరసింహస్వామి జాతర, మాఘంలో గద్వాల జమ్ములమ్మ జాతర. ఎక్కడ తేరు కదిలినా, పక్కనే ఎక్కడో ఒక బండ కూడా కదలాల్సిందే. ఇన్ని పందేలు ఏటేటా సాగాలంటే ఓడినవాడు ఇంటికెళ్లి మళ్లీ ఏడాదికి తిరిగి రావాలి. తీర్పు మీద నమ్మకం ఉంటేనే వస్తాడు. ఆ నమ్మకం కూడగట్టిన తీరు ఈ ప్రాంత చరిత్రలో ఒక ముఖ్యమైన పాయ.

పత్రికలు బండలాగుడు పోటీలు అని రాస్తాయి. ఇక్కడి నోట బండ గుంజుడు. కాడికి కట్టిన ఎడ్లజత వెనక గొలుసుతో రాతి బండ ఉంటుంది. ఆ బండ బరువు క్వింటాళ్ల లెక్కన. ఇచ్చిన గడువులో ఆ జత బండను ఎంత దూరం గుంజితే అంత లెక్క. దూరాన్ని ఇప్పటికీ అడుగులు, అంగుళాల్లోనే చెబుతారు. మీటర్లు బడిలోకి వచ్చాయి, రోడ్డు మీదికి వచ్చాయి గానీ బండ దగ్గరికి రాలేదు.

బండ గుంజడం సేద్యం నుంచి పుట్టిన పందెం. మోటబావి ఉన్న రోజుల్లో ఎద్దు బలమంటే పొలానికి పారే నీళ్లే. మోట తొండాన్ని నింపుకుని పైకి రావాలంటే ఎడ్లు వాలులో దిగుతూ తాడు గుంజాలి. రాళ్లేరిన నల్లరేగడిలో నాగలి, విత్తేటప్పుడు గొర్రు, గింజలు ఇంటికి చేరడానికి బండి, అన్నిటికీ ఆ కాడే ఆధారం. కాబట్టి ఒక రైతు ఎద్దు కొనేముందు దాని నడక చూసేవాడు, గిట్టలు చూసేవాడు, మూపురం తడిమేవాడు. కరెంటు మోటార్లొచ్చి మోటను మింగేశాయి. ట్రాక్టర్ వచ్చి నాగలిని మూలన పెట్టింది. అయినా పెబ్బేరులో శనివారం సంత చుట్టూ ఒకసారి తిరిగితే ఎద్దును చూసే ఆ పాత కన్ను ఇంకా చావలేదని తెలుస్తుంది. పందెపు ఎద్దులు ఇప్పుడు పొలం దున్నవు. వాటికి దాణా వేరు, నడక వేరు, మాలిష్ వేరు. ఒకప్పుడు ఒంగోలు జాతిని ఓడలెక్కించి బ్రెజిల్‌కు తీసుకెళ్లారు, అక్కడ వాటి సంతతి నెల్లూరు పేరుమీద నెలోర్ అయి లక్షల మందలుగా పెరిగింది. ఇక్కడ మిగిలిన ఎడ్లకు ఈ జాతరలే పెద్ద ఆదరువు.

పందెం మొదలయ్యే ముందే సగం తీర్పు అయిపోతుంది. ఎందుకంటే అసలు తగువు వయసు దగ్గరే పుడుతుంది. ఎద్దుకు పుట్టిన తేదీ కాగితం ఉండదు, నోరే దాని ఆధార్ కార్డు. పైదవడ ముందు భాగంలో పళ్లుండవు, కింది దవడన ఎనిమిది ఉంటాయి. దూడప్పటి పాలపళ్లు రెండేళ్లు దాటాక నడిమధ్య నుంచి జతలు జతలుగా ఊడి, వాటి చోట వెడల్పాటి పెద్దపళ్లు దిగుతాయి. మొదటి జత వచ్చిందంటే సుమారు రెండు, రెండున్నరేళ్లు. నాలుగు వచ్చాయంటే మూడు దాటింది. ఎనిమిదీ నిండేసరికి అయిదేళ్లకు అటూ ఇటూ. అందుకే పోటీల పేర్లే పాలపళ్ల విభాగం, రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని ఉంటాయి. ఆపైన జూనియర్లు, సీనియర్లు.

ఇక్కడ ఆలోచించాల్సిన సంగతొకటుంది. పాలపన్ను ఊడింది, కొత్తది ఇంకా చిగురు దాటలేదు. ఆ ఎద్దు ఏ విభాగం? ఊడినదాన్ని లెక్కపెట్టాలా, మొలిచినదాన్ని లెక్కపెట్టాలా? ఈ జవాబు పేర్లు రాసుకునే బల్ల దగ్గరే అందరికీ తెలియాలి. ఎద్దు బరిలోకి దిగి గెలిచాక పన్ను గురించి అడగడం మొదలైతే ఏ జవాబూ న్యాయంగా వినిపించదు. కొత్తగా ఈ పనికి దిగేవాళ్లు మొదట నేర్చుకోవాల్సింది విజిల్ ఊదడం కాదు, ఎద్దు ముక్కుతాడు పట్టి మూతి పైకెత్తి, పెదవి కిందికి వంచి, రెండు పక్షాల ముందూ పళ్లు లెక్కపెట్టడం. పశువైద్యుడు పక్కనుంటే మరీ మంచిది.

తర్వాత చీటీ. ఏ జత ముందు, ఏ జత వెనక అన్నది అదృష్టం మీద వదిలేస్తారు. ఉదయం చల్లపొద్దులో గుంజిన జతకూ మిట్టమధ్యాహ్నం గుంజిన జతకూ తేడా ఉంటుంది. అప్పుడే చదును చేసిన బరికీ ఇరవై జతలు తొక్కి దుమ్ము చేసిన బరికీ తేడా ఉంటుంది. ఆ తేడాను ఎవరూ పూర్తిగా పోగొట్టలేరు. చీటీని ఒక చిన్నపిల్లతో అందరి ముందూ తీయిస్తే కనీసం ఆ తేడా ఎవరి చేతివాటమూ కాదని తేలుతుంది.

కొలత దగ్గర పని మరీ సున్నితం. బరి పొడవు ముందే టేపుతో కొలిచి రెండు కొసలా గీత పోస్తారు. ఉదాహరణకు బరి 250 అడుగులనుకుంటే, గడువు ముగిసేలోగా జత 12 సార్లు ఆ కొసకూ ఈ కొసకూ గుంజి, పదమూడోసారి 137 అడుగుల దగ్గర ఆగిపోతే లెక్క 3,137 అడుగులు. వినడానికి తేలికే. కానీ కొలవాల్సింది బండ ముందంచు నుంచా, వెనకంచు నుంచా? కొసకు చేరినప్పుడు బండ పూర్తిగా గీత దాటాకే మళ్లించాలా, ఎడ్లు దాటితే చాలా? గొలుసు తెగితే గడియారం ఆపాలా, నడవనివ్వాలా? తోలేవాళ్లలో ఒకడు బండమీద చెయ్యేసి నెడితే ఏమిటి? ఇవన్నీ ఎక్కడో ఒకచోట, ఏదో ఒక ఏడాది తగువైన ప్రశ్నలే. ఒక్కో తగువు ఒక్కో నిబంధనను కని పోయింది. పోటీల కరపత్రం కింద చిన్న అక్షరాలతో అచ్చయ్యే ఆ షరతుల వరుసను చరిత్రకారులు చదవాలి. ఊరు తనతో తాను పడిన పేచీల జాబితా అది.

గెలుపోటముల మధ్య తేడా ఒక్కోసారి అడుగు, అరడుగు. అందుకే టేపు రెండు కొసల్లోనూ మనుషులుండాలి, అంకెను పైకి చదవాలి, మైకులో చెప్పాలి, పుస్తకంలో రాయాలి. కొలిచినవాడూ రాసినవాడూ ఒకడే కాకూడదు. తన మేనమామ ఎడ్లు బరిలోకి వస్తున్నాయంటే టేపు పక్కవాడికిచ్చి జనంలోకి వెళ్లి నిలబడాలి. పల్లెలో చుట్టరికం లేని జత దొరకడం కష్టం కనుక, చుట్టరికం లేదని ఒట్టు పెట్టేకంటే ఇది మేలైన పద్ధతి.

ఇంగ్లీషు నుంచి వచ్చిన అంపైర్ అన్న మాట పాత ఫ్రెంచిలో సరిజోడు కానివాడు అన్న అర్థమున్న మాట నుంచి పుట్టింది. ఇద్దరి మధ్య మూడోవాడు, బేసి మనిషి అన్నమాట. మన ఊళ్ల పంచులు అయిదుగురు కావడంలోనూ ఇదే లెక్క కనిపిస్తుంది. బేసి ఉంటేనే మొగ్గు తేలుతుంది. తెలుగులో మధ్యవర్తి అన్నా, పెద్దమనిషి అన్నా, తీర్పరి అన్నా ఆ మూడో చోటు పేరే. ఆ చోటు ఖాళీగా ఉంటే ఏమవుతుందో తెలుగువాళ్లకు కథలుగా తెలుసు. పల్నాటి వీరగాథలో కోడిపందెం ఓడిన పక్షం రాజ్యం వదిలి పోవాల్సి వచ్చింది, పందెంలో మోసం జరిగిందన్న మాట తరతరాలుగా నిలిచింది, చివరికి కారంపూడి యుద్ధం దాకా వెళ్లింది. ఆ గాథలో పుంజుల పేర్లున్నాయి, పంతం పట్టిన నాగమ్మ, బ్రహ్మనాయుడు ఉన్నారు. రెండు పక్షాలూ ఒప్పుకున్న తీర్పరి మాత్రం ఎవరికీ గుర్తులేడు.

ఎడ్లకంటే ముందు ఈ సీమకు పేరు తెచ్చిన పోటీ ఇంకోటి ఉంది. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో గద్వాల సంస్థానాన్ని విద్వద్గద్వాల అన్నారు. ఏటా కార్తీక, మాఘ మాసాల్లో అక్కడ పండిత సభలు జరిగేవి. తెలుగునేల నలుమూలల నుంచి కవులు, శాస్త్రజ్ఞులు బండ్లు కట్టుకుని, నదులు దాటుకుని వచ్చేవారు. వచ్చినవారి విద్యను ఆస్థాన పండితులు పరీక్షించాలి, దాన్నిబట్టే సన్మానం, ఏటేటా అందే వార్షికం. వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలూ కవులకు అలాంటి మజిలీలే. తిరుపతి వేంకట కవులు ఈ సంస్థానాలు తిరిగినవారే, ఆ యాత్రలే నానారాజ సందర్శనం అన్న పుస్తకానికి పునాది. తూమాటి దోణప్ప ఆంధ్ర సంస్థానాల సాహిత్య పోషణ మీద చేసిన పరిశోధనలో ఈ దర్బారుల కథ వివరంగా ఉంది.

పద్యాన్ని టేపుతో కొలవలేం. అయినా అవధానం ఆ కష్టానికి ఒక ఉపాయం కనిపెట్టింది. అష్టావధానంలో తీర్పును ఒకరి చేతిలో పెట్టరు, ప్రశ్నలు వేసే ఎనిమిది మంది పృచ్ఛకులకు పంచుతారు. సమస్య ఇచ్చేవారు వేరు, దత్తపది ఇచ్చేవారు వేరు, ధ్యానం చెదరగొట్టే అప్రస్తుత ప్రసంగం చేసేవారు వేరు. అందులో నిషిద్ధాక్షరి దగ్గర కూర్చునే పృచ్ఛకుడి పని మైదానంలో గీత కాసేవాడి పనికి బాగా దగ్గర. అవధాని ఒక అక్షరం చెప్పగానే తర్వాత రాగల అక్షరాన్ని ఊహించి, అది వాడకూడదని అడ్డు చెప్పాలి. ఛందస్సు తెలియాలి, వ్యాకరణం తెలియాలి, అవధాని మనసు ఎటు పోతోందో పసిగట్టాలి. ఆలస్యమైతే ఆ అడ్డుకు విలువ లేదు. ఆటగాడంత ఆట తెలిసినవాడే ఆ చోట కూర్చోగలడు. ఎడ్లు తోలని మనిషి బండ దగ్గర నిలబడినా, కూత పెట్టని మనిషి కబడ్డీకి విజిల్ పట్టినా జనం ఒప్పుకోకపోవడంలో ఇదే ఇంగితం ఉంది.

అయితే దర్బారు పద్ధతిలో ఒక లోటుంది, దాన్ని దాచడం తగదు. బహుమానమిచ్చేది రాజు, సభ రాజుది, పరీక్షించే పండితులకు జీతమూ రాజుదే. రాజుకు నచ్చిన కవిని ఓడించడం ఆస్థాన పండితుడికి ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. దర్బారు లేని చోట ఇంకో చిక్కు. తిరుపతి వేంకట కవులకూ కొప్పరపు సోదర కవులకూ నడుమ రేగిన వాదం ఏళ్ల తరబడి పత్రికల్లో, పుస్తకాల్లో సాగింది. ఇరుపక్షాల ప్రతిభా గొప్పదే. రెండు పక్షాలూ తలవంచి ఒప్పుకునే మూడోమనిషి లేక ఆ తగువు తెగలేదు.

ఆ మూడోమనిషి ఎలా ఉండాలో నడిగడ్డ బిడ్డే ఒకడు చూపించాడు, మైదానంలో కాదు, అచ్చులో. సురవరం ప్రతాపరెడ్డి 1896లో అలంపురం ప్రాంతంలో పుట్టారు. 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఒక వ్యాసకర్త తేల్చేశాడు. లెక్కించకుండా ఇచ్చిన తీర్పది. దానికి ప్రతాపరెడ్డి కోపంతో ఇంకో వ్యాసం రాసి ఊరుకోలేదు. ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించి, 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. టేపు తెచ్చి జనం ముందు పరిచినట్టే. ఆ అంకె ముందు ఆ పాత మాట నిలబడలేదు. తర్వాత రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఆయన రాజుల యుద్ధాలను పక్కనపెట్టి జనం తిండి, బట్ట, ఆటలు, పందేల మీద దృష్టి పెట్టారు. క్రీడాభిరామం అన్న పాత కావ్యంలోని కోడిపందేలను, పొట్టేళ్ల పోట్లాటలను కూడా చరిత్రకు సాక్ష్యంగా చదివారు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచి, మరుసటేడే కన్నుమూశారు. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో ఆంధ్రుల సాంఘిక చరిత్రకే దక్కింది. ఆటను చరిత్రలో చేర్చడం చిన్నతనం కాదని ఈ నేలకు నేర్పింది ఆయనే.

బండకు టేపు ఉంది. కబడ్డీకి అదీ లేదు. చెడుగుడులో తీర్పరి కొలవాల్సింది ఊపిరిని. కూతకెళ్లినవాడు ఒక్క దమ్ములో అవతలివాళ్లను తాకి తిరిగి రావాలి. కూత ఎక్కడ తెగిందో చెవి చెప్పాలి, వేలి కొస ఎవరిని తాకిందో కన్ను చెప్పాలి, రెండూ ఒకే క్షణంలో. వెన్నెల రాత్రుల్లో ఊరి బయట ఆడిన కాలంలో ఆ కన్ను, ఆ చెవి గట్టుమీద కూర్చున్న పెద్దవాళ్లవి. ఊరికో తీరు, వాడకో తీరు. గడిచిన శతాబ్దం మొదటి దశాబ్దాల్లో మహారాష్ట్ర, బరోడా వైపు వ్యాయామశాలలు ఈ తీరులన్నిటినీ కలిపి రాతలో పెట్టడం మొదలుపెట్టాయి. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో మహారాష్ట్రలోని అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండల్ ఆటను అక్కడ ప్రదర్శించింది. 1950లో అఖిల భారత సమాఖ్య ఏర్పడింది, 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల ఆట అయింది. మగవాళ్లకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కోర్టు, ఆడవాళ్లకు 12, 8. ఏడుగురు ఆటగాళ్లు. కూతకు 30 సెకన్లు. గట్టుమీద పెద్దమనుషుల చోట ఇప్పుడు ఒక రిఫరీ, ఇద్దరు అంపైర్లు, ఒక స్కోరరు, ఇద్దరు సహాయ స్కోరర్లు.

పాలమూరు పల్లెల్లో ఈ రాత నిబంధనలను మోసుకొచ్చింది బడి వ్యాయామ ఉపాధ్యాయులు. పిల్లలకు వాళ్లు పీఈటీ సార్లు. మండల స్థాయి బడి ఆటల పోటీల్లో పొద్దున ముగ్గు పోసేదీ వాళ్లే, మధ్యాహ్నం విజిల్ పట్టేదీ వాళ్లే, సాయంత్రం ఓడి ఏడ్చే పిల్లలకు నీళ్లు తాగించేదీ వాళ్లే. కొత్త రిఫరీకి అంతకంటే మంచి బడి లేదు. పద్నాలుగేళ్ల పిల్ల తాను బోనస్ గీత దాటానని కళ్లలో నీళ్లతో చెబుతుంటే, దాటలేదని ఆమెకు అర్థమయ్యేలా, ఆమె పరువు పోకుండా చెప్పడం పెద్ద మైదానంలో లక్షమంది ముందు తీర్పు చెప్పడం కంటే ఏమీ తేలిక కాదు.

రాత నిబంధన ఉంటే తగువులు పోతాయనుకోవడం పొరపాటు. 2023 అక్టోబర్ 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పురుషుల కబడ్డీ ఫైనల్ అందుకు పెద్ద ఉదాహరణ. భారత్, ఇరాన్ 28–28తో సమంగా ఉన్నాయి. ఆట ముగియడానికి నిమిషం మిగిలింది. చావో రేవో కూతకు వెళ్లిన పవన్ సెహ్రావత్ ఎవరినీ తాకకుండానే కోర్టు పక్కనుండే లాబీలోకి అడుగుపెట్టాడు, అతని వెంట ఇరాన్ డిఫెండర్లూ లాబీలోకి వచ్చారు. పాత నిబంధన ప్రకారం లెక్క ఒకటి, కొత్త నిబంధన ప్రకారం ఇంకోటి. అధికారులు ఒక నిర్ణయం చెప్పారు, మార్చారు, మళ్లీ మార్చారు. ఆటగాళ్లు కోర్టులోనే కూర్చుండిపోయారు. సుమారు గంటసేపు ఆట ఆగింది. చివరికి భారత్ 33–29తో గెలిచింది. మన దేశం గెలిచినందుకు సంతోషమే. ఆ గంట మాత్రం ఆట ప్రేమికులకు మింగుడుపడలేదు. పవన్ కూతను కళ్లారా చూసిన రిఫరీలకు ఏం జరిగిందో తెలుసు. కానీ ఏ నిబంధనల పుస్తకం ప్రకారం ఆడుతున్నారో అందరికీ ఒకేలా తెలియదు. పన్ను ఊడినదా మొలిచినదా అని పేర్లు రాసుకునే బల్ల దగ్గరే తేల్చుకోవాలన్న జాతర తెలివి ఆ రోజు అక్కడ అక్కరకొచ్చేది.

గీత కాసే మనిషి అక్కర కొత్త ఆటల్లోనూ ఉంది. ఇటీవల హైదరాబాద్ శివార్ల రిసార్టుల్లో పెయింట్‌బాల్ ఆడుతున్నారు. రంగు గుళికలు పేల్చే తుపాకీలతో రెండు జట్లు దాగుడుమూతలాడే ఆట. దీని పుట్టుకలో పశువులకు ఒక చోటుంది. ఆ తుపాకీని మొదట చేసింది అడవిలో నరకాల్సిన చెట్లకూ, మందలో వేరు చేయాల్సిన పశువులకూ దూరం నుంచి రంగు గుర్తు వేయడానికి. 1981 జూన్ 27న అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని హెనికర్ అనే ఊరి అడవిలో పన్నెండు మంది ఆ తుపాకీలతో మొదటి ఆట ఆడారు. జెండాలన్నీ చేజిక్కించుకుని గెలిచిన మనిషి అడవి పని తెలిసినవాడు. ఆట మొత్తంలో ఒక్క గుళికా పేల్చలేదు.

సింగోటం బరి నుంచి ఒక కుర్రాడు రేపు ఆ మైదానంలో రిఫరీ పనికి కుదిరితే అతనికి చాలా సంగతులు తెలిసినవే అనిపిస్తాయి. గుళిక ఒంటిమీద పగిలి గుర్తు పడితేనే ఆటగాడు ఔట్. తగిలి పగలకుండా జారిపోతే లెక్కలేదు. పక్కన చెట్టుకు తగిలి చిందిన తుంపరలూ లెక్కలేవు. రంగు తుడుచుకుని ఆడటం పెద్ద తప్పు, కాబట్టి అనుమానం రాగానే దగ్గరికెళ్లి వీపు, మోచెయ్యి, తుపాకీ అడుగు భాగం చూడాలి. ఎద్దు నోరు తెరిచి చూసినట్టే. ఆట మొదలుకాకముందు ప్రతి తుపాకీ వేగమూ యంత్రంతో కొలవాలి. గుళిక సెకనుకు 300 అడుగులు మించకూడదన్నది వాడుకలో ఉన్న హద్దు. బండను తూకం వేసి బరిలోకి తెచ్చినట్టన్నమాట. ఇక్కడా కొలత అడుగుల్లోనే. అన్నిటికంటే ముందు కళ్లను కాపాడే ముఖకవచం. ఆట సాగుతుండగా ఎవరైనా దాన్ని తీస్తే గెలుపు, ఓటమి, లెక్క అన్నీ పక్కనపెట్టి విజిల్ ఊదాలి. ఒక కన్ను పోతే ఏ తీర్పూ దాన్ని తెచ్చివ్వదు.

ఈ చివరి మాట ఎడ్ల బరికీ అంతే చెందుతుంది, బహుశా ఎక్కువే. ఆటగాడు మనిషైతే నొప్పి పుట్టగానే చెయ్యెత్తుతాడు. ఎద్దు ఎత్తలేదు. దాని తరఫున చెయ్యెత్తాల్సింది గీత దగ్గరి మనిషే. పశువుల మీద క్రూరత్వాన్ని నిషేధించే చట్టం 1960లో వచ్చింది. దాని కింద 1965లో చేసిన నియమాలు బరువు లాగే పశువుల మీద ముల్లుగర్ర వాడకూడదన్నాయి. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా వాటితో బండి లాగించకూడదన్నాయి. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండి పందేలను నిషేధించింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ చట్టాలను సవరించుకున్నాక, 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణలను సమర్థించింది. పశువుకు నొప్పి తగ్గించే కట్టుదిట్టాలు అమలవుతాయన్న నమ్మకం ఆ తీర్పుకు ఆధారం.

కాగితం మీద ఉన్న కట్టుదిట్టాలు బరిలో ఒక మనిషి చేతుల్లోకి రావాలి. తోలేవాడి చేతి కర్ర తీసుకుని కొసను బొటనవేలితో నొక్కి చూడాలి, మేకు ఉంటే విరిచి అవతల పారేయాలి. ఎద్దు మోకాళ్ల మీద కూలితే ఇంకా రెండు నిమిషాలున్నాయని ఊరుకోకూడదు. నోటి వెంట నురగ కడుతోందా, రొప్పడం ఆగుతోందా లేదా చూడాలి. లక్షలు పెట్టి మేపిన యజమానికి ఆ క్షణంలో అది కనబడదు, జనానికీ కనబడదు. పందెం ఆపినందుకు ఆ రోజు తిట్లు తప్పవు. ఎడ్లను ప్రేమించే ఊరు మరుసటేడు ఆ మనిషినే మళ్లీ పిలవాలి. పిలవని ఊరిలో పందెం జరగకపోవడమే మేలు.

ఇక కొత్తగా వచ్చినవాడికి మొదటి రోజు ఏ పని ఇవ్వాలి? మైకు ఇవ్వకూడదు, విజిల్ ఇవ్వకూడదు. టేపు సున్నా కొస ఇవ్వాలి. అవతలి కొసన పెద్దాయన అంకె చదువుతాడు, జనం చూపంతా అటే ఉంటుంది, కెమెరాలూ అటే తిరుగుతాయి. ఇవతలి కొసన దుమ్ములో మోకాలు ఆన్చి కూర్చుని, సున్నా అంకెను సున్నపు గీత మీద కదలకుండా అదిమి పట్టుకోవాలి. టేపు బిగుసుకుంటుంది, చెయ్యి లాగుతుంది, వెనక నుంచి ఎవరో భుజం తడతారు. అంకె చదివి, పైకి చెప్పి, పుస్తకంలో ఎక్కించేదాకా ఆ వేలు గీత మీద నుంచి లేవకూడదు. ఆ తర్వాత లేచి, ఎడ్ల గిట్టలకు చెదిరిన చోట పిడికెడు సున్నం పోసి గీతను సరిచేయాలి. తర్వాతి జత అప్పటికే కాడి ఎత్తి ఉంటుంది.